డిష్ కోసం స్లాబుకు రంధ్రాలు కొట్టనివ్వాలా, వద్దా?

ఖమ్మం డాబా:
అందరికీ నమస్కారం. ముందు మా పాత ఇంట్లో జరిగింది చెప్తాను. 2017లో డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడు నేరుగా స్లాబు మీద నాలుగు రంధ్రాలు కొట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. మొదట తెల్లటి పొడి, తర్వాత బూడిద రంగు పొడి వచ్చింది. నాలుగో రంధ్రం దగ్గర డ్రిల్లు బిట్టుకు తడిపిండిలా అంటుకుంది. లోపల తడి ఎందుకుందని అప్పుడు నాకు తట్టలేదు. మరుసటి వానాకాలానికి అమ్మ పడుకునే గదిలో ఫ్యాన్ పక్కన పళ్ళెమంత చెమ్మ మచ్చ లేచింది. రెండేళ్ళకు పెచ్చులూడి మంచం మీద పడ్డాయి. పైన తుప్పు పట్టిన ఊచ కనిపించింది. ఆ టైములో అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది.

ఈ ఎండాకాలం కొత్త ఇంటి డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. వచ్చే వారం డిష్ వాళ్ళు వస్తారు. ఫోన్‌లో అడిగితే "స్లాబుకే బిగించాలండీ, లేకపోతే గాలికి నిలబడదు" అన్నారు. బావ పిట్టగోడకు పెట్టించమంటాడు. నాన్న అయితే డ్రిల్లు డాబా ఎక్కడానికే వీల్లేదంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత టెక్నీషియన్:
పదేళ్ళు ఈ పని చేశాను. మీ అమ్మగారి గది సంగతి చదివితే బాధేసింది. కానీ అన్నా, రంధ్రం కొట్టడం తప్పు కాదు, కొట్టిన పద్ధతి తప్పు. రెండు అంగుళాల లోతు చాలు. పొడి మొత్తం ఊదేసి, సీలెంట్ (నీరు దూరకుండా సందు మూసే జిగురు) నింపి, ఆ తర్వాత బోల్టు దించాలి. బిట్టుకు తడి తగిలిందంటే స్లాబులో అప్పటికే నీరు చేరింది. అక్కడ ఆపేసి ఇంటివాళ్ళకు చెప్పాల్సింది.

స్లాబే ఎందుకంటామో కూడా చెప్తాను. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. డిష్ రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగితే బొమ్మ ముక్కలవుతుంది. పిట్టగోడలు చాలా ఇళ్ళలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలే. గాలికి డిష్ ఊగుతుంటే ఆరు నెలల్లో ఇటుకలో బోల్టు వదులవుతుంది. మళ్ళీ మాకే ఫోన్ వస్తుంది.

సైట్ మేస్త్రి:
టెక్నీషియన్ తమ్ముడితో పిట్టగోడ వరకు ఏకీభవిస్తాను, స్లాబు దగ్గర మాత్రం ఒప్పుకోను. వాటర్‌ప్రూఫ్ పూత మందం కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని ఒక్కచోట చీల్చినా డాబా మీద నిలిచిన నీరంతా ఆ దారే వెతుక్కుంటుంది. సీలెంట్ వేశామంటారు. మన ఎండల్లో డాబా మీద కాలు పెట్టలేం, సాయంత్రం వాన పడితే ఒక్కసారిగా చల్లబడుతుంది. ఇనుము, కాంక్రీటు సాగి ముడుచుకున్న తీరుగా సీలెంట్ సాగదు, ముడుచుకోదు. రెండు మూడు వేసవులు గడిచేసరికి వెంట్రుకంత సందు వస్తుంది. ఆ మచ్చ కింద గదిలో కనబడేసరికి ఊచ సగం పాడైపోయి ఉంటుంది. పెచ్చులు చెక్కి, ఊచకు మందు పూసి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేసేది మేమే. డబ్బులు పెట్టేది ఇంటివాళ్ళు.

రంధ్రం లేకుండా తన బరువుతోనే డిష్‌ను నిలబెట్టే కాంక్రీటు దిమ్మ పోయించండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. అంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు కాంక్రీటు, 68 కిలోల దాకా ఉంటుంది. మధ్యలో డిష్ బిగించడానికి జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) నిలబెట్టి పోయాలి. దాన్ని డాబా మీదే మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి పోయించండి, మోసుకెళ్ళే పని ఉండదు. గట్టిపడ్డాక కింద రబ్బరు చాప వేస్తే పూత ఒరుసుకోదు. వారం రోజులు తడపాలి.

వైజాగ్ వాసి:
మేస్త్రి గారూ, దిమ్మ మీ ఊళ్ళో నిలుస్తుంది, మా దగ్గర నిలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. మా పక్క డాబా మీది డిష్ దిమ్మతో సహా బోర్లాపడి, పైపు వెళ్ళి ట్యాంకుకు గుచ్చుకుంది. మూడు రోజులు ఆ ఇంట్లో నీళ్ళు లేవు.

లెక్క వేసి చూడండి. 60 సెంటీమీటర్ల డిష్ మీద ఆ వేగంలో దాదాపు 50 కిలోల నెట్టుడు పడుతుంది. డిష్ రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే ఆ తోపుకు 68 కిలోల దిమ్మ ఒక అంచు మీద లేచిపోతుంది. వేగం సగమైతే తోపు నాలుగో వంతుకు తగ్గుతుంది, అంటే 12, 13 కిలోలు. మామూలు ఈదురుగాలికి దిమ్మ చాలు. కోస్తాలో మాత్రం పైపును పిట్టగోడలోని కాంక్రీటు పిల్లరుకు క్లాంపుతో కట్టాల్సిందే. ఎక్కడైనా సరే, పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

అద్దింటి ఇల్లాలు:
మాది అద్దె ఇల్లు, ఓనరు గారు డాబా మీద పెట్టనివ్వలేదు. దక్షిణం వైపు బాల్కనీ ఉంది కదా అని గ్రిల్లుకు కట్టించాం, సిగ్నల్ రాలేదు. పై అంతస్తు బాల్కనీ అడ్డమట. దిక్కు సరిగ్గా ఉంటే చాలనుకున్నాను, నెత్తిమీద ఆకాశం కూడా కావాలని అప్పుడు తెలిసింది. చివరికి ఓనరు గారు డాబాకు ఒప్పుకున్నాక, బిగించే ముందు కింది గది సీలింగు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. అద్దెకుండేవాళ్ళు ఇది మర్చిపోవద్దు. రేపు చెమ్మ వస్తే మాట మన మీదికి రాకుండా ఉంటుంది.

పాత టెక్నీషియన్:
ఇల్లాలు గారు చెప్పిందే అసలు విషయం. డిష్ చూడటానికి కాస్త నిటారుగా కనిపిస్తుంది గానీ, పళ్ళెం తిరిగిన దిశకన్నా దాని చూపు 20 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది. ఖమ్మం నుంచి చూస్తే టాటా ప్లే ఉపగ్రహం (83 డిగ్రీల తూర్పు రేఖాంశం) దాదాపు దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో, అంటే ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది. డిష్‌కన్నా పదడుగులు ఎత్తైన గోడ ఉన్నా నాలుగైదు అడుగులు జరిగితే అడ్డం పోతుంది. ఎయిర్‌టెల్ వాడే 108 డిగ్రీల ఉపగ్రహం ఆగ్నేయానికి ఇంకా తూర్పుగా, 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దానికి అదే గోడ నుంచి ఎనిమిది అడుగులు జరగాలి. డీడీ ఫ్రీ డిష్ (93.5 డిగ్రీలు) ఈ రెండింటి మధ్యలో. మనవాళ్ళు ట్యాంకును నైరుతిలో పెడతారు కాబట్టి మామూలుగా అడ్డు రాదు. కొబ్బరిచెట్టు ఉంటే మాత్రం ఇవాళ కాదు, ఐదేళ్ళ తర్వాత ఎంత ఎత్తుంటుందో చూసుకోండి.

ఇంకో మాట. స్లాబు వద్దంటే మెట్లగది గోడ ఉంది. నిలువు గోడ మీద నీరు నిలవదు. తొమ్మిది అంగుళాల గోడైతే బోల్టు బాగా పట్టుకుంటుంది. దీనికి మేస్త్రి గారు కూడా కాదనరనుకుంటా.

కేబుల్ దారి కూడా ఇంటివాళ్ళే ముందు ఆలోచించాలి. మేం ఇంటికి కొత్తవాళ్ళం, దగ్గరి దారి చూసుకుని కిటికీ చెక్కకు రంధ్రం పెట్టేస్తాం. గోడకు పెట్టే రంధ్రం లోపలి నుంచి బయటికి కిందికి వాలాలి. కేబుల్ లోపలికి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. కరెంటు పైపులో ఈ కేబుల్ దూర్చనివ్వకండి. డిష్ పైపుకు ఎర్తింగ్ అడగండి. ఉరుముల వాన వచ్చేలా ఉంటే ముందుగానే ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా పీకేయాలి.

సైట్ మేస్త్రి:
మెట్లగది గోడకు అభ్యంతరం లేదు. పైన సజ్జ ఉందేమో చూసుకోండి.

ఖమ్మం డాబా:
పైకెళ్ళి చూశాను. మెట్లగది గోడ తొమ్మిది అంగుళాలదే, కానీ దక్షిణం వైపు తలుపు, దాని మీద రెండడుగుల సజ్జ. మేం తీసుకునేది 83 డిగ్రీలది కాబట్టి అది కుదరదు. నాన్నకు దిమ్మ సంగతి చెప్తే, డ్రిల్లు లేదు కదా అని ఒప్పుకున్నారు. ఈ సాయంత్రం ట్యాంకుకు దూరంగా, కింద గోడలున్న చోట ప్లాస్టిక్ షీటు పరిచి పోయించాం. తడపడం నాన్నే చూసుకుంటానన్నారు. మూడడుగుల పైపు తెచ్చారు, వైజాగ్ ఆయన మాట విని రెండడుగులకు కోయించాను. డిష్ వాళ్ళను పది రోజులు ఆగి రమ్మన్నాను.