ఫుడ్ ప్యాంట్రీకి వెళ్తే గ్రీన్ కార్డుకి ఇబ్బంది అవుతుందా?

నమస్కారం అండీ. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మావారి ఉద్యోగం పోయింది. నాది హెచ్‌4, అంటే మావారి వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా, పని చేసే వీల్లేదు. ఇంకో ఉద్యోగం చూసుకోడానికి ఉండే 60 రోజుల గ్రేస్ పీరియడ్ టెన్షన్ ఒకపక్క, అద్దె ఇంకోపక్క. పిల్లల పాలు, పండ్ల దగ్గర కూడా లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

పక్కింటావిడ ఒక చర్చిలో నడిచే ప్యాంట్రీ గురించి, అంటే సరుకులు ఉచితంగా ఇచ్చే చోటు గురించి చెప్పింది. నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్ నుంచి వాళ్లకి సరుకులు వస్తాయట. మావారు మాత్రం ‘ఊళ్లో అన్నదానానికి బియ్యం బస్తాలు ఇచ్చిన ఇల్లు మనది, నేను లైన్లో నిలబడను’ అంటున్నారు. సరే, నేనే వెళ్తాను. పిల్లల కంటే పరువు ఎక్కువా?

నా అసలు భయం పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతామని గ్రీన్ కార్డు ఇవ్వకపోవడం. 2022 రూల్ ప్రకారం ప్రభుత్వం ఇచ్చే నగదు సాయంలాంటివే చూస్తారని, స్నాప్ (ఫుడ్ స్టాంప్స్) కూడా లెక్కలోకి రాదని చదివాను. అలాంటప్పుడు ప్యాంట్రీ సరుకులు సమస్యే కాకూడదు. కానీ ఆ రూల్ మారుస్తామంటున్నారు కదా! ఈ మధ్య గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లని ఇలాంటివేమైనా అడిగారా?

ఇంకోటి, మేం శాకాహారులం. పక్కింటావిడ ప్యాంట్రీ నుంచి తెచ్చిన సంచిలో బియ్యం, ఓట్స్, పీనట్ బటర్ బాగానే ఉన్నాయి. బీన్స్ డబ్బా వెనక్కి తిప్పి చూస్తే మాత్రం పంది కొవ్వు! కావాల్సినవి మనల్ని ఏరుకోనిస్తారా, లేక కట్టిన పెట్టె చేతిలో పెట్టేస్తారా? చిరునామా రుజువుకి కరెంటు బిల్లు చాలా, ఆదాయం కాగితాలు కూడా అడుగుతారా? ఇర్వింగ్ చుట్టుపక్కల శనివారం తెరిచేవి తెలిస్తే చెప్పండి, ప్లీజ్.