గడ్డిలో పని చేసేవాళ్ళు పిడుదుల నుంచి ఎలా కాపాడుకుంటున్నారు?

అందరికీ నమస్తే, నా పని మొత్తం బయటే, పొదలు కొట్టడం, మోకాళ్ళ ఎత్తు గడ్డిలో తిరగడం, ఈ నెలలోనే మూడుసార్లు ఒంటి మీద పిడుదు దొరికింది, మూడోది మోకాలి వెనక కరిచి పట్టుకునే ఉంది, స్నానం చేసేటప్పుడు చేతికి తగిలితే పులిపిరి అనుకున్నా ముందు!

సన్నమూతి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగేశా, సబ్బుతో కడిగా. అగ్గిపుల్లతో కాల్చు, నెయిల్ పాలిష్ పూయి అని పక్కనోళ్ళు చెప్పారు గానీ అవి చెయ్యకూడదని తెలుసు కాబట్టి వినలేదు.

ఇప్పుడు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుంటున్నా, లేత రంగు బట్టలేస్తున్నా (పాకితే కనబడాలి కదా), చర్మానికి డీట్ (పురుగులు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే మందు) రాస్తున్నా. చెమటకి అది ఎంతసేపు ఆగుతుందో నాకైతే నమ్మకం లేదు, మీరు రోజుకి ఎన్నిసార్లు రాస్తున్నారు?

అసలు డౌట్ పర్మెత్రిన్ (పిడుదుల్ని చంపే మందు) గురించి. 0.5 శాతంది బట్టలకీ బూట్లకీ కొట్టి ఆరబెట్టాలి, ఒంటికి రాయకూడదు, అంతవరకు ఓకే, కానీ ఇంట్లో పిల్లి ఉంది, తడిగా ఉన్నప్పుడు పిల్లులకి అది విషం అంట కదా, పిల్లి ఉన్నవాళ్ళు బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు? ఎన్ని ఉతుకుల దాకా పనిచేస్తోంది? ఎండాకాలం పొడుగు చేతుల చొక్కాతో ఉడికిపోకుండా ఉండే దారేదైనా ఉంటే అది కూడా చెప్పండి ప్లీజ్.

కరిచిన చోట ఎర్రమచ్చ గానీ జ్వరం గానీ ఏం లేదు, వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికే వెళ్తా.