అప్‌డేట్: ఈడీటీఏ తర్వాత డెంటిన్ ఎందుకు మెత్తబడుతోంది?

రూట్ కెనాల్ (పంటి వేరు లోపలి కాలువ) కడిగే పనిలో 17 శాతం ఈడీటీఏ (కాల్షియంను లాగేసే ద్రావణం) 10 నిమిషాలు ఉంచి, ఆపైన 5 శాతం హైపోతో (సోడియం హైపోక్లోరైట్) కడిగిన పళ్ల డెంటిన్‌లో (ఎనామెల్ కింది గట్టి భాగం) వికర్స్ గుర్తులు (గట్టిదనం కొలవడానికి వజ్రపు మొనతో నొక్కే గుంటలు, మెత్తనైతే పెద్దవిగా పడతాయి) ఎందుకంత పెద్దవిగా పడుతున్నాయని ఇంతకుముందు అడిగాను కదా. తప్పు దొరికింది, రెండు చోట్ల.

ఒకటి టైము. స్మియర్ లేయర్ (పనిముట్లు గీకినప్పుడు కెనాల్ గోడకు అంటుకునే పొర) పోవడానికి 1 నిమిషం, 5 మి.లీ. చాలు. 10 నిమిషాలంటే కాల్షియం లాగేసి ట్యూబ్యూల్ (డెంటిన్‌లోని సన్నని గొట్టం) నోళ్లు గరాటుల్లా విచ్చుకుంటాయి. రెండోది వరస. ఈడీటీఏ ఖనిజాన్ని తీసేశాక బయటపడ్డ కొలాజెన్‌ను (డెంటిన్‌లోని ప్రోటీన్ పీచు) హైపో తినేస్తుంది. కాబట్టి షేపింగ్ (కెనాల్‌ను వెడల్పు చేయడం) అంతా 2.5 శాతం హైపోతో, చివర్లో 1 నిమిషం ఈడీటీఏ, ఆఖరున సెలైన్. క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే ద్రావణం) వాడేవాళ్లు దానికి ముందు కూడా సెలైన్‌తో కడగాలి. హైపోతో కలిసిందంటే గోధుమరంగు మడ్డి కెనాల్‌లో పేరుకుంటుంది.

శాంపిల్‌ను ఆరనివ్వొద్దు. ఆరిన డెంటిన్ లేని గట్టిదనం చూపిస్తుంది.

ఇక మన కడప ఎండలు. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన హైపో, లేబుల్ మీద రాసిన శాతంలో ఉండదు. ముదురు రంగు సీసా, ఫ్రిజ్. డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసింది ఏ రోజుకారోజే.