అప్‌డేట్: ట్రయాజ్ తరగతిలో కార్డుల పద్ధతి ప్రయత్నించాక

పారామెడిక్ విద్యార్థులు ట్రయాజ్ (ఎక్కువ మంది గాయపడినప్పుడు ఎవరికి ముందు చికిత్స అందాలో తేల్చడం) నియమాలను పరీక్షలో చక్కగా రాసి, డ్రిల్‌లో తడబడుతున్నారని, ఎలా నేర్పాలని అడిగాను కదా. మీలో కొందరు చెప్పిన కార్డులతో మొదలుపెట్టాను. కార్డుకొక క్షతగాత్రుడు: నడవగలడా, శ్వాస నిమిషానికి ఎంత, మణికట్టు వద్ద నాడి అందుతోందా, చెప్పింది చేస్తున్నాడా. 1983లో కాలిఫోర్నియాలో రూపొందిన స్టార్ట్ (START) అనే ట్రయాజ్ పద్ధతి వరుస ఇదే. శ్వాస నిమిషానికి 30 దాటితే ఎరుపు ట్యాగ్, అంటే వెంటనే చికిత్స కావాలి అన్నది అందరికీ త్వరగానే పట్టుబడింది.

అయితే కార్డు కేకలు వేయదు! అందుకే విద్యార్థులనే బస్సు ప్రమాద బాధితులుగా పడుకోబెట్టాను. కాలు విరిగి అరుస్తున్నవాడి చుట్టూ అందరూ మూగారు. మూలన మాట్లాడకుండా ఎగశ్వాస తీస్తున్న అమ్మాయి దగ్గరకు ఎవరూ పోలేదు. ఇది ఏ స్లైడూ నేర్పదు.

నలుపు ట్యాగ్ (చనిపోయారని, లేదా బతికే ఆశ లేదని గుర్తు) దగ్గరే ఇంకా ఇబ్బంది. వాయుమార్గం తెరిచినా శ్వాస రాని పెద్దవారిని వదిలి కదలాలి, వీళ్లేమో సీపీఆర్ మొదలుపెడుతున్నారు. మామూలు రోజుల్లో అదే సరైన పని మరి! అందుకే డ్రిల్ కన్నా తర్వాతి చర్చకే ఎక్కువ సమయం ఇస్తున్నాను. పిల్లల విషయం వేరు: శ్వాస రాకపోయినా నాడి ఉంటే ముందు ఐదు శ్వాసలివ్వాలి. దానికి వేరే కార్డులు తయారుచేస్తున్నాను.