స్కోరు 5 వచ్చింది, తెల్లారేదాకా ఆగవచ్చా?

హౌస్ సర్జన్:
ఇందాక ఒక రైతు వచ్చారు. 58 ఏళ్లు, షుగర్ ఉంది. నాట్లప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని మూడు రోజులైందట. ఎరుపు చీలమండ దగ్గరే ఉంది, కానీ పిక్క మీద చెయ్యి వేస్తే కేక పెడుతున్నారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 160, తెల్లకణాలు 14,000, హిమోగ్లోబిన్ 13.8, సోడియం 136, క్రియాటినిన్ 1.2, షుగర్ 290. చర్మం కింది పొరల్ని కుళ్లబెట్టే నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ ఇన్ఫెక్షనేమోనని ఈ రక్తపరీక్షలతో ఎల్‌ఆర్‌ఐఎన్‌ఈసీ స్కోరు లెక్కేశాను, 5 వచ్చింది. ఆరు లోపే కాబట్టి రిస్క్ తక్కువే కదా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.

సర్జన్:
ఆగొద్దమ్మా. సీఆర్‌పీకి 4, షుగర్‌కి 1, నీ లెక్క సరైనదే. కానీ 2004లో సింగపూర్ నుంచి వచ్చిన ఆ స్కోరు అనుమానం పెంచడానికే, జబ్బు లేదని తేల్చేయడానికి కాదు. ఎరుపు లేనిచోట అంత నొప్పి ఉందంటే నాకు అదే పెద్ద గుర్తు. బొబ్బలు, నొక్కితే చిటపటలు, స్పర్శ పోవడం ఆలస్యంగా వస్తాయి. కొన్నిసార్లు రానే రావు. పెన్నుతో అంచు గీసి టైము రాయి. బీపీ, రక్తంలో లాక్టేట్ చూడు. మిగతా యాంటీబయాటిక్స్‌తో క్లిండామైసిన్ కూడా కలిపి మొదలుపెట్టు, అది బాక్టీరియా టాక్సిన్ (విషం) తయారీని ఆపుతుంది. సీనియర్‌ని ఇప్పుడే లేపు. తిడితే తిట్టనీ.

అనస్థీషియా పీజీ:
స్కాన్ కోసం ఆపరేషన్ థియేటర్ ఆపకండి.

హౌస్ సర్జన్:
గంటలో గీత దాటి నాలుగు వేళ్లు పాకింది సార్. కోస్తే రక్తం రాలేదు, బూడిదరంగు నీళ్లొచ్చాయి. వేలు పెడితే పొర ఊడిపోయింది, అదే జబ్బు. ఇప్పుడే థియేటర్‌లోకి తీసుకెళ్లారు.