ఎప్‌సెట్ రెండో విడత: చేతిలో సీటు ఉండగా మళ్లీ ఆప్షన్లు పెట్టాలా?

ఈసీఈ_పోయినోడు
తెలంగాణ ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ఎంట్రన్స్) రాసి సీట్ల కౌన్సెలింగ్‌కి వెళ్లే జూనియర్ల కోసం ఇది. మొదటి విడతలో పనికొచ్చే సీటు వస్తే అక్కడితో ఆగిపోండి. రెండో విడత జోలికి పోవద్దు.

నాకు మొదటి విడతలో సిటీలో ఓ పాత కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. ఫీజు కట్టాం, ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకునే సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా అయిపోయింది. "చూద్దాం, పోయేదేముంది" అని రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలు, బ్రాంచిల లిస్టు) పెట్టారు. ఊరి చివర, నేను పేరు కూడా వినని కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) డేటా సైన్స్ పడింది. ఈసీఈ సీటు దానంతటదే రద్దయింది. రెండో ఏడాది మెయిన్ సబ్జెక్టు చెప్పే సారు సెమిస్టర్ మధ్యలో మానేస్తే, ల్యాబ్ చూసుకునే ఆయన వచ్చి స్లైడ్లు చదివి వెళ్లిపోయేవాడు. అటెండెన్స్ మాత్రం పక్కాగా తీసుకునేవాళ్లు.

నచ్చకపోతే పాత సీటు ఉంచుకోనివ్వాలి కదా? ఇదేం రూల్?

నెట్‌సెంటర్_బాబాయ్
తమ్ముడూ, ఏటా ఈ సీజన్‌లో మా సెంటర్ ముందు నిలబడలేనంత జనం. నీలాంటి కేసులు చాలా చూశాను. రూల్‌లో తప్పేమీ లేదు. నీకు కొత్త సీటు వచ్చిన నిమిషంలోనే నీ ఈసీఈ సీటు నీ వెనక ర్యాంకు వాడికి వెళ్లిపోయింది. వాడు ఖాళీ చేసింది ఇంకొకడికి. ఇప్పుడు నువ్వొచ్చి నాదే నాకు కావాలంటే ఆ గొలుసంతా తెగుతుంది.

కంప్యూటర్‌కి నీ మీద పగేం లేదు. నీ లిస్టు పైనుంచి కిందికి చూస్తుంది, నీ ర్యాంకుకి ఎక్కడ మొదట దొరికితే అక్కడ ఆగుతుంది. రెండో విడతలో పాత లిస్టు లెక్కలోకి రాదు, కొత్తగా పెట్టాలి. అందుకే చేతిలో ఉన్నదానికంటే మంచివి మాత్రమే పెట్టాలి. ఒక్కటి తక్కువది పెట్టినా అదే వచ్చే ప్రమాదం ఉంది. ఏదీ రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది. అదీ రూలు.

గెస్ట్_లెక్చరర్
మొదటి విడతలో మాత్రం ఎన్ని పెడితే అంత మంచిది. "ఎక్కువ పెడితే చెత్త కాలేజీ వస్తుంది" అని భయపడి పది, పదిహేనుతో ఆపేసేవాళ్లున్నారు. అడుగున పెట్టినవి పైన పెట్టినవాటిని ఏమీ చెయ్యవు.

ఈసీఈ_పోయినోడు
బాబాయ్, ఈ పాఠం నాకు తెలుసు. నేను అడిగేది వేరు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్ (వచ్చిందే చాలు), ఫ్లోట్ (ఎక్కడైనా ఇంకా మంచిది వస్తే మారతా), స్లైడ్ (అదే కాలేజీలో మంచి బ్రాంచి వస్తే మారతా) అని మూడు దారులిచ్చారు. మనకెందుకు లేవు?

నెట్‌సెంటర్_బాబాయ్
ఫ్లోట్ పెట్టినవాడికి కూడా కొత్తది రాగానే పాతది పోతుంది. అక్కడా ఉంచుకోనివ్వరు.

ఈసీఈ_పోయినోడు
పోతుంది. కానీ జోసాలో ఛాయిస్‌లు ఒక్కసారే లాక్ చేస్తారు, మారితే ఆ లిస్టులో పైదానికే మారతారు, కిందికి జారే అవకాశమే ఉండదు. ఇక్కడ ప్రతి విడతకీ కొత్త లిస్టు, అందులో ఎవరు ఏ చెత్తైనా కుక్కొచ్చు. నీ చేతిలో ఇంత మంచి సీటుంది, ఇది దానికంటే తక్కువ అని ఒక్క హెచ్చరిక చూపిస్తే సొమ్మేం పోయింది?

నెట్‌సెంటర్_బాబాయ్
ఏది ఎక్కువ, ఏది తక్కువ అని కంప్యూటర్ ఎలా చెప్తుంది? ఒకడికి సిటీలో ఈసీఈ గొప్ప. ఇంకొకడికి ఎక్కడైనా సరే సీఎస్ఈ గొప్ప. నీ లిస్టే నీ మాట.

మెకానికల్_మల్లన్న
సీఎస్ఈ వచ్చినోడు కూడా ఏడుస్తుంటే మేమేం కావాలి 😀

ఈసీఈ_పోయినోడు
నా లిస్టే నా మాటా? మీ సెంటర్లలో ఏం జరుగుతుందో నాకు తెలియదా? గడువు చివరి రాత్రి మా వాళ్లు వెళ్లిన సెంటర్‌లో ముగ్గురు పిల్లల లాగిన్లు ఒకేసారి తెరిచి, ఒకడి లిస్టు చూసి ఇంకొకడికి కొట్టేశారు. "ఇవన్నీ మంచి కాలేజీలే" అని కింద ఒక వరస కలిపింది కూడా వాళ్లే. డబ్బులు తీసుకున్నారు, ప్రింట్ ఇచ్చారు. అంతే.

నెట్‌సెంటర్_బాబాయ్
అందరినీ ఒకే గాటన కట్టకు. మేం టైపు చేసేవాళ్లం, జాతకాలు చెప్పేవాళ్లం కాదు. కాలేజీ, బ్రాంచి కోడ్లన్నీ కాగితం మీద రాసుకుని రండి అని బోర్డు పెట్టాను. వచ్చేది రాత్రి పదకొండింటికి, చేతిలో కాగితం ఉండదు, ముందేడాది లాస్ట్ ర్యాంకులు (ఏ సీటు ఏ ర్యాంకు దాకా వచ్చిందో) చూసి ఉండరు, "మీకు తెలుసు కదా సార్, మంచివి పెట్టెయ్యండి" అంటారు. తీరా అలాట్‌మెంట్ వచ్చాక తిట్లు నాకు. మన దగ్గర లిస్టు లాక్ చేసే ఫ్రీజ్ బటన్ నొక్కేముందు లిస్టంతా చదివి వినిపిస్తే వినే ఓపిక ఒక్కడికీ ఉండదు. నీ లిస్టు నువ్వు చదివావా లేదా, అది చెప్పు ముందు.

దూరం_లక్ష్మి
ఒక్కటి అడగనా? ఆ రాత్రి సెంటర్‌లో నువ్వున్నావా అసలు?

ఈసీఈ_పోయినోడు
అది ఇక్కడ విషయం కాదు.

దూరం_లక్ష్మి
అదే విషయం. "మా వాళ్లు వెళ్లిన సెంటర్‌లో" అని నువ్వే రాశావు.

ఈసీఈ_పోయినోడు
లేను. ఫోన్ నంబరు నాన్నది, ఓటీపీ ఆయనకే వస్తుంది. నాన్న, ఆయన స్నేహితుడు వెళ్లారు. ఈసీఈ వచ్చిందని చెప్తే చుట్టాలు "అంటే సాఫ్ట్‌వేరేనా, కాదా?" అని అడిగారట. ఆ ఒక్క ప్రశ్నకి తట్టుకోలేక వెళ్లారు. ప్రింట్ కాగితం నాకు పొద్దున చూపించారు. రూల్ సరిగ్గా ఉండి ఉంటే ఇది జరిగేది కాదు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
ఇంతసేపూ ఊరికే చదువుతున్నాను, ఇప్పుడు రాయక తప్పడం లేదు. బాబూ, మేం బీసీలం. ర్యాంకు 10 వేలు దాటితే మాకు ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది 35 వేల వరకే. కాలేజీ ఫీజు దానికంటే ఎంత ఎక్కువుంటే అంతా నేనే కట్టాలి. ఆ 35 వేలు కూడా టైముకి రాకపోతే కాలేజీవాళ్లు మమ్మల్నే ముందు కట్టమంటారు. హాస్టలు, బస్సు, పుస్తకాలు వేరే. మా పెద్దోడు "నా ఇష్టం నాన్నా" అంటే సరే అన్నాను. మెకానికల్ తీసుకున్నాడు. పాసై ఇంట్లో ఉన్నాడు. అప్పుడు ఒక్కరూ "అబ్బాయి ఇష్టానికి వదిలిన మంచి తండ్రి" అనలేదు. చూస్తూ ఊరుకున్నావేంటి అన్నారు. చిన్నోడి ఆప్షన్లు నేనే పెట్టాను, ఏం తప్పు?

మెకానికల్_మల్లన్న
అంకుల్, నేనూ మెకానికలే. అన్నని అలా అందరి ముందు ఉదాహరణ చెయ్యకండి.

ఈసీఈ_పోయినోడు
డబ్బు కట్టేది మీరే, ఒప్పుకుంటా. నాలుగేళ్లు ఆ క్లాసులో కూర్చునేది ఎవరు?

ఇద్దరు_పిల్లల_తండ్రి
ఆ తర్వాత నలభై ఏళ్లు ఉద్యోగం లేకపోతే కూర్చోబెట్టి తిండి పెట్టేది ఎవరు?

గెస్ట్_లెక్చరర్
ఇద్దరూ కొంచెం తగ్గండి.

ఈసీఈ_పోయినోడు
ఎందుకు తగ్గాలి? పదో తరగతి అవగానే ఎంపీసీ అన్నది నేను కాదు. రెసిడెన్షియల్ కాలేజీలో వేసింది నేను కాదు. ఆప్షన్లు పెట్టింది నేను కాదు. రేపు ఇంటర్వ్యూలో "ఈ కాలేజీ ఎందుకు ఎంచుకున్నావ్" అంటే జవాబు మాత్రం నేనే చెప్పాలి.

దూరం_లక్ష్మి
మీ ఇద్దరికీ కనీసం లిస్టు గురించి గొడవ పడే భాగ్యం ఉంది. నా లిస్టు ర్యాంకు రాకముందే తయారైపోయింది. ఇంటి ముందుకు కాలేజీ బస్సు వచ్చే కాలేజీలు మూడు. అంతే. హాస్టల్ అన్న మాటే ఎత్తకూడదు. నా ర్యాంకుకి జేఎన్‌టీయూ క్యాంపస్‌లోనే సివిల్ వచ్చేది, లాస్ట్ ర్యాంకుల కాగితం తీసి చూపించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "బాగుంది, అక్కడికి మన బస్సు ఉందా?" అన్నారు. మా తమ్ముడు నా దానికి రెట్టింపు, అంటే అంత వెనకబడ్డ ర్యాంకు తెచ్చుకుని ఇప్పుడు చెన్నైలో చదువుతున్నాడు, మేనేజ్‌మెంట్ సీటులో. నాన్నగారూ, అప్పుడు బడ్జెట్ ఎక్కడినుంచి వచ్చింది అని నేనింకా అడగలేదు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
అమ్మా, ఆడపిల్ల విషయం వేరు. భయం ఉంటుంది.

దూరం_లక్ష్మి
తెలుసండీ. మగపిల్లాడైతే డబ్బు, ఆడపిల్లయితే భయం. కారణం ఏదో ఒకటి ఉంటుంది, ఓటీపీ మాత్రం ఎప్పుడూ మీ ఫోన్‌కే వస్తుంది.

నెట్‌సెంటర్_బాబాయ్
ఇదేదో రూల్ గురించి అనుకుని ఇంతసేపు టైపు చేశాను.

ఇద్దరు_పిల్లల_తండ్రి
చిన్నోడు మాట్లాడడం తగ్గించేశాడు, ఆ మాట కూడా చెప్పేస్తున్నాను. అయినా మళ్లీ పెట్టమన్నా అవే పెడతాను. వాడు ఉద్యోగంలో చేరాక నాతో మాట్లాడతాడులే.

ఈసీఈ_పోయినోడు
మా నాన్న కూడా ఇదే అంటాడు.

ర్యాంకు_24వేలు
అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మొదటి విడతలో నాకు ఐటీ వచ్చింది. కాలేజీ ఫర్లేదు, మా సీనియర్లు బాగుందనే అంటున్నారు. రెండో విడతలో సీఎస్ఈ కోసం వేరే కాలేజీలు పెట్టమని ఇంట్లో గొడవ. ఏం చెయ్యాలి?

నెట్‌సెంటర్_బాబాయ్
ముందు ఇప్పుడు వచ్చినదానికి గడువులోపు ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యి, లేకపోతే ఇదీ పోతుంది. తర్వాత, ఐటీ వదిలేసి నిజంగా వెళ్లి చేరతాను అనుకునేవి ఎన్ని ఉంటే అన్నే రాయి. రెండే ఉంటే రెండే పెట్టు. ఒక్కటీ లేకపోతే ఏమీ పెట్టకు.

దూరం_లక్ష్మి
కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించు. సెంటర్‌కి మాత్రం నువ్వే వెళ్లు.

ర్యాంకు_24వేలు
మామయ్య తీసుకెళ్తా అన్నాడు అక్కా. నేను కూడా రావచ్చట.