వానలో రోడ్ బైక్ బ్రేకులు: రిమ్ అమ్మేసి డిస్క్ కొనాలా, టైర్లు మారిస్తే సరిపోతుందా?

కాజీపేట700
మొన్న ముసురులో జరిగింది చెప్తాను. పొద్దున ఆరున్నరకి హంటర్ రోడ్డు మీద 30 స్పీడులో వస్తున్నా. ఎవరో చెయ్యి ఎత్తారని ముందున్న ఆటో టక్కున ఆగింది. రెండు లీవర్లూ పట్టాను. పట్టలేదు. సబ్బు నొక్కినట్టే ఉంది. ఇంకా గట్టిగా నొక్కితే ఒక్కసారిగా పట్టింది, వెనక చక్రం పక్కకి జారింది. ఆటో వెనక రేకుకి జానెడు దూరంలో ఆగాను. ఆటో అన్న తల బయటికి పెట్టి "నిద్రల ఉన్నవా తమ్మీ" అన్నాడు.

బండి వివరాలు: అల్యూమినియం రిమ్ములు, రిమ్ బ్రేకులు (చక్రం అంచునే రబ్బర్లు నొక్కి పట్టేవి), 23 మి.మీ. వెడల్పు టైర్లు, గాలి 110 పీఎస్ఐ, కొని ఆరేళ్ళు. ఇది అమ్మేసి డిస్క్ బండి (చక్రం మధ్యలో ఉండే రేకు బిళ్ళని ప్యాడ్లు నొక్కే బ్రేకులది) తీసుకో అంటున్నాడు షాపతను. నిజంగా అంత ఖర్చు పెట్టాలా?

డిస్క్‌వాలా
పెట్టాలి. లెక్క వేసి చూడు. నీ రోడ్ బైక్ చక్రం (700సి సైజు) ఒక చుట్టు తిరిగితే 2.1 మీటర్లు. రిమ్ మీది నీటిని రబ్బరు తుడిచేలోపు మూడు చుట్లు తిరిగిందనుకో, ఆరు మీటర్లు పోయావు. అంటే రెండు ఆటోల పొడవు పైనే. అప్పటికి నువ్వు ఆగడం ఇంకా మొదలే పెట్టలేదు.

డిస్క్ చక్రం మధ్యలో, రోడ్డు మీది నీళ్ళకి దూరంగా ఉంటుంది. ప్యాడ్ చిన్నది, నొక్కే బలం ఎక్కువ. తడి ఉన్నా క్షణంలో గీకేస్తుంది.

చెల్కమట్టి
లెక్క సరే అన్నా, కానీ బండిని చివరికి ఆపేది టైరు. రోడ్డుకి ఆనేది బొటనవేలంత జాగా. తమ్ముడు తనే రాశాడు, వెనక చక్రం జారిందని. జారిందంటే బ్రేకుకి బలం చాలినట్టే కదా, టైరుకే పట్టు చాలలేదు.

23 టైర్లో 110 గాలి ఏంటి తమ్మీ, చక్రానికి రాయి కట్టుకున్నట్టు! ఫ్రేములో పడితే 28 వెయ్యి, లేదంటే 25. నీ బరువును బట్టి 75, 80కి దింపు. గీతల టైర్లు కొంటానంటావేమో, వద్దు. సైకిల్ స్పీడుకి టైరు నీళ్ళ మీద తేలదు, నున్నటిదే మంచిది. ఇంకోటి, బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ముందు బ్రేకుని మెల్లగా, ఎక్కువగా వాడు. జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద మాత్రం ఏదీ వాడకు.

డిస్క్‌వాలా
వెనకది ఎందుకు జారిందో ఆలోచించు. మొదట పట్టలేదు కాబట్టి భయపడి మొత్తం నొక్కాడు. నొక్కాక రిమ్ ఆరింది, ఒక్కసారే పట్టింది. తడి రిమ్ బ్రేకుతో వచ్చే తంటా బలం తక్కువ కావడం కాదు, ఆలస్యంగా, చెప్పకుండా పట్టడం. డిస్క్‌కి మొదటి నుంచీ ఎంత నొక్కితే అంత. టైరు ఎంతవరకు ఓర్చుకుంటుందో వేళ్ళకి తెలుస్తుంది. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) 2018లో డిస్క్‌కి పూర్తి అనుమతి ఇచ్చింది. ఊరికే ఇచ్చారా?

మానుకోట
రేసోళ్ళ వెనక మెకానిక్‌తో కారు వస్తది. మన వెనక కుక్కలొస్తయి.

నా హైడ్రాలిక్ డిస్క్ కథ వినండి. షిమానో బ్రేకు, అందులో మినరల్ ఆయిలే పొయ్యాలి. ఒక షాపులో (పేరు చెప్పను) మోటార్‌సైకిల్ బ్రేక్ ఆయిల్ పోశారు. సీళ్ళు ఉబ్బినయ్, వారానికే లీవరు మెత్తబడ్డది. మొత్తం మార్చాల్సి వచ్చింది. చెయ్యి తిరిగిన మనిషి దగ్గర్లో లేకుంటే డిస్క్ కూడా దండగే.

రిమ్ బ్రేకుని మరీ తిట్టకండి. మా నాయన సైకిల్‌కి స్టీల్ రిమ్ములు. వానొస్తే బ్రేకు పేరుకే, చెప్పుకాలు టైరుకి ఆనించి ఆపేవాడు. అల్యూమినియం దానికన్నా ఎంతో నయం.

వడ్డేపల్లి_గట్టు
ఇంత చర్చ జరిగింది, రబ్బర్లు ఎప్పుడు మార్చావని ఒక్కరూ అడగలేదు! ఆరేళ్ళవే అయితే అవి రబ్బర్లు కాదు తమ్ముడూ, రాళ్ళు. విప్పి వెలుతురులో చూడు. నాట్లప్పుడు ట్రాక్టర్ కేజ్ వీల్స్ రోడ్డు మీద వదిలే బురదలో ఇసుక ఉంటుంది, అది రబ్బరులో గుచ్చుకుని రిమ్‌ని చెక్కేస్తుంది. మెరిసే అల్యూమినియం రవ్వలు కనిపిస్తే పిన్నీసుతో తీసెయ్యి. రిమ్ మీద అరుగుదల గుంట ఉంటుంది, అది మాయమైతే రిమ్ కూడా మార్చాల్సిందే. కొత్తవి కొంటే కూల్‌స్టాప్ వాళ్ళ ఇటుకరంగు రబ్బర్లు చూడు, తడికి నల్లవాటికన్నా బాగా పడతాయి.

కాజీపేట700
అక్కా, విప్పాను. ఎడమదాంట్లో ఏడు రవ్వలు, ఒకటి బియ్యం నూకంత ఉంది. గుంట ఇంకా కనిపిస్తోంది.

ఇటుకరంగువి, 25 టైర్లు తెప్పించి, 80 గాలి పెట్టి నిన్న వానలో మా కాలనీ రోడ్డు మీద చూశాను. ముగ్గుపిండితో గీత గీస్తే కొట్టుకుపోయింది, ఇటుక ముక్క పెట్టుకున్నా. 25 స్పీడులో ఇటుక దగ్గర బ్రేకు. కొత్త టైర్ల మీదే పాత రబ్బర్లతో 19 అంగలు, కొత్తవాటితో 15. ఇటుకకి ముందు నుంచే లీవరు కొంచెం ఆనించి రిమ్ ఆరబెట్టుకుంటూ వస్తే 11. మా అమ్మ గేటు దగ్గర గొడుగు పట్టుకుని చూసి, వీడికి పిచ్చి పట్టిందనుకుంది.

డిస్క్‌వాలా
11 ఎందుకొచ్చింది? ఇటుక ఎక్కడుందో నీకు ముందే తెలుసు. ఆటో చెప్పి ఆగదు కదా. నీ అసలు అంకె 15.

కాజీపేట700
అదీ నిజమే అన్నా. అందుకే చౌరస్తాలు, ఆటోలు కనపడితే చాలు, ముందే లీవరు రాసుకుంటూ పోతున్నా. రబ్బర్లు తొందరగా అరుగుతాయి, అరగనీ. నా ఫ్రేముకి డిస్క్ పడదు, మొత్తం బండే మార్చాలి. ఈ వానాకాలానికి ఇంతే.

చెల్కమట్టి
28 పడుతుందేమో చూశావా?

కాజీపేట700
చూశా. వెనక 25కే గోరు దూరేంత సందుంది. చెల్క రోడ్డెక్కితే మట్టి అక్కడే ఇరుక్కుంటోంది.